కుంటుతున్న పశువు, మారిన నేల
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



భీమవరంలో 1895లో పుట్టి, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే తెలుగువారికి మనుషుల వైద్యమే స్ఫురిస్తుంది; అయితే ఆయన కృషిలోని ప్రధానమైన ఘట్టాలను వరుసగా పరిశీలిస్తే, వాటిలో అనేకం నడవలేని పశువుకు కూడా ఏదో ఒక మేలు చేసినట్టు కనిపిస్తుంది. సహశాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి, ఎముకలు మెత్తబడి కుంటే పశువుల రక్తంలో భాస్వరం ఎంత తగ్గిందో తేల్చడానికి తరతరాల ప్రయోగశాలలకు ఆధారమైంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీసిన పరిశోధన, కండరం ఏ శక్తితో ముడుచుకుంటుందో, ఆ శక్తి కరవైతే గుర్రం నడుము ఎందుకు బిగుసుకుపోతుందో అర్థం చేసుకోవడానికి దారి చూపింది. ఆయన నేతృత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు; ఆ కుటుంబానికి చెందిన మందులనే నేటికీ పశువైద్యులు గిట్టల పుండ్ల మీద చల్లుతున్నారు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ పరిశోధనశాల నుంచే వచ్చింది. వెనుక కాళ్ళు పడిపోయే కుమ్రీ వ్యాధి సోకిన గుర్రాలకు, మేకలకు మన దేశంలో వాడుతున్నదీ ఆ మందునే. కనుక ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం పాడిపశువుల, గొర్రెల, గుర్రాల కుంటును విషయంగా తీసుకోవడం సముచితం.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఒకే ఒక్క విషయం. కుంటు కాలిలో కనిపిస్తుంది గాని, దాని మూలం చాలావరకు కాలి వెలుపలే ఉంటుంది: పశువు నిలబడే నేలలో, తినే మేతలో, తాగే నీటిలో, చేసే పనిలో. వీటన్నింటినీ నిర్ణయించేది మనిషి. అందువల్ల కుంటును ఒక్కొక్క పశువుకు వచ్చిన జబ్బుగా మాత్రమే చూసినంత కాలం చికిత్స సాగుతూనే ఉంటుంది, కుంటు కూడా సాగుతూనే ఉంటుంది.

1. కుంటు స్వరూపం

నొప్పి వల్లగాని, కీలు బిగుసుకోవడం వల్లగాని, నరం దెబ్బతినడం వల్లగాని పశువు తన బరువును నాలుగు కాళ్ళ మీద సమంగా మోయలేకపోవడాన్నే కుంటు అంటారు. అది రోగలక్షణమే తప్ప ఒక రోగం కాదు. భుజం నుంచి గిట్ట వరకు ఎక్కడ లోపమున్నా కుంటు రావచ్చు. అయితే ఆవుజాతిలో సుమారు 90 శాతం కుంటుకు కారణం గిట్టలోనే ఉంటుందని, అందులోనూ వెనుక కాలి బయటివైపు గిట్టదే పెద్ద వాటా అని పశువైద్య గ్రంథాలు చెబుతాయి.

గిట్ట నిర్మాణం తెలిస్తే దీనికి కారణం బోధపడుతుంది. బయటికి కనిపించే గట్టి కొమ్ము భాగం మనిషి గోరు వంటిదే. దానిలో ప్రాణం లేదు, నొప్పి లేదు. దాని లోపల రక్తనాళాలు, నరాలు నిండిన సజీవపు పొర ఒకటి ఉండి, కొత్త కొమ్మును నిరంతరం తయారుచేస్తూ ఉంటుంది. ఆ పొర పైన పాదపు చివరి ఎముక, ఎముక మడమ భాగం కింద కొవ్వుతో కూడిన మెత్తటి దిండు ఉంటాయి. గిట్ట గోడ, అరికాలు కలిసే చోట లేతరంగులో కనిపించే సన్నని అతుకును తెల్లగీత అంటారు. గిట్టలో అన్నింటికంటే బలహీనమైన చోటు ఇదే. ఆవు గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, దాదాపు అంతే అరుగుతుంది. ఈ రాబడికీ ఈ ఖర్చుకూ పొత్తు కుదిరినన్నాళ్ళు పశువు నడక సజావుగా ఉంటుంది. ఆ పొత్తును చెడగొట్టే మొదటి శక్తి నేల.

2. నేల

నేటి హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట గ్రామాలుగా ఉన్న కాలంలో అక్కడి పశువు మొరం నేల మీద నడిచి, చెరువు గట్టున మేసి, మధ్యాహ్నం నీటిలో పడుకునేది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తరువాత పాతికేళ్ళలో ఆ నేల తారు, సిమెంటు, గ్రానైటుగా మారింది. పశువులు మాత్రం పూర్తిగా వెళ్ళిపోలేదు. నగరం చుట్టుపక్కల, అపార్ట్‌మెంట్ల వెనుక సందుల్లో, ఇంకా అమ్ముడుపోని ప్లాట్లలో రేకుల షెడ్లు వేసి బర్రెలను సాకుతున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఈ సభలోని చాలామంది ఇళ్ళకు పొద్దున్నే వచ్చే చిక్కటి పాలలో కొంత ఆ షెడ్ల నుంచి వచ్చేదే.

అటువంటి షెడ్డును ఒకసారి దగ్గరగా చూడాలి. కింద సిమెంటు గాని, షాబాద్ బండలు గాని పరిచి ఉంటాయి. బర్రెలను వరుసగా, కురచ పలుపుతో, గాడికి తల ఆనేలా కట్టేస్తారు. ముందు కాళ్ళ దగ్గర నేల పొడిగానే ఉంటుంది. వెనుక కాళ్ళు మాత్రం పేడ, మూత్రం కలిసి పారే కాలువ అంచున నిలుస్తాయి. నిరంతరం తడిలో నానిన గిట్ట మెత్తబడుతుంది, మెత్తబడినది గరుకు సిమెంటు మీద వేగంగా అరుగుతుంది, లేదా నున్నటి బండ మీద జారి తెల్లగీత దగ్గర చీలుతుంది. మొరం నేలలో గిట్ట కొద్దిగా దిగబడి బరువు గోడకూ అరికాలికీ సమంగా పంచుకుంటుంది. గట్టి నేల మీద ఆ అవకాశం లేక బరువంతా ఒకేచోట పడుతుంది. నిండిన పొదుగు అడ్డుపడి వెనుక కాళ్ళు ఎడంగా పడటం వల్ల బయటి గిట్ట మీద ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఎముకకూ సిమెంటుకూ నడుమ నలిగిన సజీవపు పొర అక్కడ కొమ్మును తయారుచేయలేక, వారాల తరువాత అరికాలి పుండుగా బయటపడుతుంది. ఈనిన రోజుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాన్పు కోసం కటి భాగంలోని బంధనాలు సడలినప్పుడు, గిట్టలో ఎముకను వేలాడదీసి పట్టుకునే బంధనాలూ సడలి, ఎముక కిందికి కుంగుతుంది.

పడుకోవడానికి అనువైన చోటు లేకపోవడం కూడా నేల సమస్యే. పాడిపశువు రోజులో దాదాపు సగం సేపు పడుకోవాలి. పడుకున్నప్పుడే గిట్టకు విశ్రాంతి. గట్టి బండ మీద లేవడం, పడుకోవడం బాధాకరం గనుక అది నిలబడే ఉంటుంది. చెరువులో పడుకునే అలవాటున్న బర్రెకు చెరువు దూరం కావడంతో, నీరు తన బరువును మోసిన ఆ కొన్ని గంటల ఉపశమనం కూడా పోయింది.

3. మేత, నీరు

గిట్టకూ పొట్టకూ ఉన్న సంబంధం వినేవారికి ఆశ్చర్యం కలిగించవచ్చు. నెమరు వేసే పశువు పెద్దపొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. పీచు తక్కువై, పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు విజృంభించి పొట్టలో ఆమ్లత్వం పెరుగుతుంది. అప్పుడు విడుదలయ్యే విషపదార్థాలు రక్తంలో చేరి గిట్టలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తాయి. దీన్నే లామినైటిస్ అంటారు. ఆ సమయంలో తయారైన నాసిరకం కొమ్ము అరికాలి ఉపరితలానికి చేరడానికి రెండు నెలలు పడుతుంది. అందుకే రైతు పుండు చూసిన రోజున, దానికి కారణమైన మేత రెండు నెలల కిందటిదని గుర్తించలేకపోతాడు.

నగరంలో పచ్చగడ్డి కరవు, వరిగడ్డి ఖరీదు; ఫంక్షన్ హాళ్ళలో, హాస్టళ్ళలో, క్యాంటీన్లలో మిగిలిన అన్నం మాత్రం ధారాళంగా దొరుకుతుంది. పెళ్ళిళ్ళ ముహూర్తాల రోజుల్లో డ్రమ్ముల కొద్దీ అన్నం తిన్న బర్రెలు కడుపుబ్బి, నెమరు మాని పడిపోవడం తెలంగాణలో పనిచేసే ప్రతి పశువైద్యుడికీ పరిచితమైన దృశ్యం. అందులో బతికి బయటపడిన పశువు గిట్ట ఆ విందు జ్ఞాపకాన్ని నెలల తరబడి మోస్తుంది. వరిగడ్డి ఒక్కటే మేతగా పెట్టినా చిక్కు తప్పదు. దానిలో భాస్వరం తక్కువ, సున్నాన్ని ఒంటికి పట్టనీయని ఆక్సలేట్లు ఎక్కువ. ఖనిజ మిశ్రమం అందని చూడి పశువు తన ఎముకల నుంచే సున్నాన్ని, భాస్వరాన్ని తోడుకుని, బిగుసుకుపోయిన నడకతో, దొరికిన ఎముకనూ గుడ్డనూ నములుతూ కనిపిస్తుంది.

ఇక నీటి విషయంలో తెలుగు నేల ప్రపంచ వైద్య చరిత్రకే సాక్ష్యమిచ్చింది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో కీళ్ళు బిగుసుకుని నడవలేకపోతున్న ఎద్దులను రైతులు ముందుగా గమనించారు. అదే బాధ మనుషుల్లోనూ ఉందని, దానికి తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ అధ్యయనానికి అదే నాంది. తరువాతి దశాబ్దాల్లో నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయింది. ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి కూడా ఆ జిల్లా పేరే వచ్చింది. ఎద్దు కుంటును ఎద్దు లోపంగా కొట్టిపారేయకుండా బావి వైపు చూసి ఉంటే మనుషులకు హెచ్చరిక ఎంత ముందే అంది ఉండేదో విద్యార్థులు ఆలోచించాలి. ఈ ఉపన్యాసం చేస్తున్న వాదనకు ఇంతకంటే బలమైన రుజువు అక్కర్లేదు.

4. సూక్ష్మజీవులు, పరాన్నజీవులు

కుంటు తెచ్చే అంటువ్యాధుల్లో గాలికుంటుది ప్రథమ స్థానం. నోట్లో, గిట్టల నడుమ బొబ్బలు లేచి పగిలి, పశువు మేత మానేసి, అడుగు వేయలేక నిలబడిపోతుంది. పెద్ద పశువుల్లో మరణాలు తక్కువే అయినా, కోలుకున్న పశువు పాలు మునుపటంత ఇవ్వదు, ఎండకు రొప్పుతూ ఉంటుంది. మన దేశంలో తిరుగుతున్న ఓ, ఎ, ఆసియా-1 రకాల వైరస్‌కు టీకా తయారుచేసే పెద్ద కర్మాగారాల్లో ఒకటి ఈ గచ్చిబౌలిలోనే ఉందని సభలోని యువతలో ఎందరికి తెలుసో! జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1980ల ఆరంభంలో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, సాఫ్ట్‌వేర్ కంపెనీలు రాకముందే ఈ రాళ్ళ నేల మీద వెలిసింది. కొద్ది దూరంలోని గోపనపల్లిలో జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ పనిచేస్తున్నది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 2030 నాటికి గాలికుంటును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. అందుకు ఆరు నెలలకోసారి వేసే టీకా ఈ కారిడార్ సందుల్లోని షెడ్డుకు కూడా చేరాలి.

తొలకరి వానలకు బలిసిన లేత వయసు పశువు ఒక్కసారిగా కుంటి, తొడ గాని జబ్బ గాని వాచి, నొక్కితే చిటపటలాడే శబ్దం వస్తే అది జబ్బవాపు. దాని బీజాలు ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉంటాయి. ఒక కాలి నుంచి మరో కాలికి మారే కుంటు, తీవ్రమైన జ్వరం కలిసి వస్తే అది కీటకాల వల్ల వచ్చే మూడు రోజుల జ్వరం. 2019 పశుగణన ప్రకారం సుమారు 1 కోటి 91 లక్షల గొర్రెలతో దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న తెలంగాణకు గొర్రెల కుంటు చిన్న విషయం కాదు. వానాకాలం బురద దొడ్లలో గిట్టల నడుమ చర్మం నాని, సూక్ష్మజీవులు చొరబడి గిట్ట కుళ్ళుతుంది. మోకాళ్ళ మీద నిలబడి మేసే గొర్రె దీనికి ఆనవాలు. దోమల వంటి సన్నని కీటకాలు తెచ్చే నీలినాలుక వ్యాధిలో గిట్ట పై అంచు కంది గొర్రె నడవలేకపోతుంది.

కుమ్రీ సంగతి మరింత ఆలోచింపజేసేది. ఆవుల, బర్రెల కడుపులో పెద్దగా హాని చేయకుండా బతికే ఒక సన్నని పురుగు పిల్లలను దోమలు గుర్రాలకు, మేకలకు, గొర్రెలకు చేరవేస్తాయి. అలవాటు లేని ఆ శరీరంలో దారితప్పిన పురుగు వెన్నుపాములోకి వెళ్ళి వెనుక కాళ్ళను చచ్చుబడేస్తుంది. మురుగు నిలిచిన చోట, బర్రెల షెడ్డూ గుర్రపుశాలా పక్కపక్కన ఉన్న చోట ఈ ప్రమాదం పెరుగుతుంది. అంటే సూక్ష్మజీవి, పరాన్నజీవి కూడా మనిషి ఏర్పాటు చేసిన బురద గుండా, మురుగు గుండానే కాలి దాకా వస్తున్నాయి.

5. గుర్రం

మనుమంచి భట్టు హయలక్షణ విలాసం వంటి గ్రంథం వెలసిన తెలుగు భాషకు గుర్రపు శాస్త్రం కొత్తది కాదు. మలక్‌పేట పందేల మైదానం, పోలీసు అశ్వశాల ఉన్న హైదరాబాద్‌కు గుర్రమూ కొత్తది కాదు. కొత్తదల్లా ఐటీ కారిడార్ పెళ్ళిళ్ళ బరాత్‌లలో, రైడింగ్ స్కూళ్ళలో దానికి పెరిగిన గిరాకీ, దాని కాళ్ళ కిందికి వచ్చిన తారు.

ఆవుకు కాలికి రెండు గిట్టలు, గుర్రానికి ఒక్కటే. ఆ గిట్ట గోడ నుంచి వందల సన్నని పొరలతో ఎముక వేలాడుతూ ఉంటుంది. నిలబడిన గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళే మోస్తాయి. దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క ముందుకాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. లేత వయసు పందెపు గుర్రాల్లో ముంగాలి ఎముక వాపు, పరుగెత్తేవాటిలో స్నాయువులు తెగడం, గట్టి రోడ్డు మీద దుమికేవాటిలో మడమ లోపలి చిన్న ఎముక దెబ్బతినడం ఇందువల్లనే. మనిషి చేతిలో ఉన్న ముఖ్యమైన కారణం లాడం. గిట్ట నెలకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక ఆరు వారాలకు ఒకసారి లాడాన్ని విప్పి, గిట్టను చెక్కి, మళ్ళీ కొట్టాలి. ఖర్చుకు వెరచి వాయిదా వేస్తే గిట్ట ముందుకు సాగి, మడమ కుంగి, స్నాయువు మీద లాగుడు పడుతుంది. మేకు తెల్లగీత దాటి ఒక్క మిల్లీమీటరు లోపలికి వెళ్ళినా రెండు మూడు రోజుల్లో చీము పడుతుంది. పాత ఊళ్ళలో ఎద్దును పడగొట్టి, కాళ్ళు కట్టి, రెండు గిట్టలకూ విడివిడిగా పలుచటి లాడాలు కొట్టిన పనివారి నైపుణ్యం కూడా ఇటువంటిదే. ఆ వృత్తికి శిక్షణ, గౌరవం, ఆదాయం లేక అది అంతరించిపోతున్నది.

గుర్రం ముందుకాలి కుంటును పట్టుకోవడానికి దాని తలను చూడాలి. నొప్పి ఉన్న కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తాకినప్పుడు కిందికి వంగుతుంది. బరాత్‌లో డప్పులకు తల ఊపుతూ నాట్యం చేస్తున్నదని మురిసిపోయే ముందు, ఆ ఊపు ప్రతి రెండో అడుగుకూ క్రమం తప్పకుండా వస్తున్నదేమో పెళ్ళివారు గమనించాలి. జబ్బుతోనో గాయంతోనో పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

6. పర్యవసానాలు

మొదటిది నొప్పి, మిగిలినవన్నీ దాని వెంట వచ్చేవే. వేటాడే మృగాలకు ఆహారమైన జాతులు గనుక ఆవు, గొర్రె, గుర్రం నొప్పిని దాచుకునే స్వభావంతో పుట్టాయి. అరవకపోవడం వల్ల బాధ లేదనుకోవడం పొరపాటు. కుంటిన ఆవుల్లో నొప్పిని గ్రహించే తీరు సున్నితమై, చికిత్స అయిన తరువాత కూడా వారాల పాటు అలాగే ఉంటుందని పరిశోధనలు చూపాయి.

రెండవది రాబడి నష్టం. బ్రిటన్‌లో 2002లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం కుంటిన ఆవు ఒక ఈతలో సగటున 360 కిలోల పాలు కోల్పోతుంది. రైతు కుంటును గుర్తించడానికి నాలుగు నెలల ముందు నుంచే ఆ తగ్గుదల మొదలవుతుంది. కుంటిన పశువు గాడి దగ్గర తక్కువ సేపు నిలుస్తుంది, చిక్కిపోతుంది, ఎదకు వచ్చినా ఆ లక్షణాలు చూపలేదు, ఈతకూ ఈతకూ ఎడం పెరుగుతుంది. చివరికి సంతలో అడిగిన ధరకు పోతుంది. నాలుగు బర్రెల మీద బతికే ఇంటికి ఒక బర్రె కుంటు పావు వంతు జీవనాధారం మీద దెబ్బ. ఆ పేడ తీసి, పాలు పిండి, మందు రాసే పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే.

మూడవది అందరూ మరచిపోయేది. కుంటే పశువుల నొప్పి తగ్గించడానికి చవకగా దొరికిన డైక్లోఫెనాక్‌ను దేశమంతటా విరివిగా వాడారు. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయని 2004లో శాస్త్రవేత్తలు నిరూపించారు. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించేనాటికి రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. తెలంగాణలో ఆసిఫాబాద్ అడవుల్లోని పాలరాపు గుట్ట మీద మిగిలిన కొద్ది రాబందులకు కావలి కాయవలసి వచ్చింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది. వైద్యుడు, రైతు, మందుల దుకాణదారు దానినే ఎంచుకోవాలి.

7. కర్తవ్యం

మొదటి పని చూడటం. పశువు నిలుచున్నప్పుడూ నడిచేటప్పుడూ వెన్ను నిటారుగా ఉంటే ఒకటి, నడిచేటప్పుడు మాత్రమే వంగితే రెండు, నిలుచున్నా వంగే ఉంటే మూడు, ఒక కాలి మీద బరువు మోపడానికి జంకితే నాలుగు, మోపనే లేకపోతే ఐదు అని 1997లో ప్రచురితమైన కొలమానం ఖర్చు లేనిది, ఎవరైనా నేర్చుకోగలిగినది. రెండు, మూడు దగ్గరే పట్టుకుంటే గిట్ట చెక్కడంతో నయమయ్యేది, ఐదు దగ్గర శస్త్రచికిత్సకు కూడా లొంగకపోవచ్చు.

రెండవ పని నేలను మార్చడం. నిలబడే చోట రబ్బరు చాపలు, వెనుక కాలువకు వాలు, రోజులో కొన్ని గంటలైనా కట్టు విప్పి తిరగనిచ్చే మట్టి ఆవరణ, వారానికి ఒకటి రెండుసార్లు ఐదు శాతం మైలుతుత్తం ద్రావణంలో గిట్టలు తడిపే తొట్టి, ఏడాదికి రెండుసార్లు గిట్టలు చెక్కడం. వీటిలో ఏదీ పెద్ద శాస్త్రం కాదు. వాడిన మైలుతుత్తం నీటిని చెరువులోకి వదలకూడదు, ఎందుకంటే రాగి చేపలకు విషం. మిగిలిన అన్నం పెట్టక తప్పకపోతే కొద్దిగా, ఎండుగడ్డి తరువాత, అలవాటు చేస్తూ పెట్టాలి. బోరు నీటిని పరీక్ష చేయించాలి. తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాన్ని కుంటు రెండో దశలోనే పిలవాలి.

మూడవ పని ఈ ప్రాంతపు ప్రత్యేక బాధ్యత. అడుగులు లెక్కించే పట్టీలు, వీడియోలో నడకను చదివే ప్రోగ్రాములు విదేశాల్లోని పెద్ద షెడ్లలో స్వేచ్ఛగా తిరిగే ఆవుల కోసం ఎక్కువగా రూపొందాయి. కట్టేసి ఉంచే నల్లని ముర్రా బర్రెకు, మందతో కొండలెక్కే దక్కనీ గొర్రెకు, రాత్రి దీపాల మధ్య నడిచే బరాత్ గుర్రానికి అవి అలాగే పనిచేస్తాయని అనుకోలేం. గోపనపల్లి పరిశోధకులు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, హైటెక్ సిటీ ఇంజనీర్లు ఒకరికొకరు దగ్గరలోనే ఉన్నారు. ఈ మూడు చోట్ల ఉన్నవారు ఒక షెడ్డులో కలిసి నిలబడి, ఒక బర్రె నడకను కలిసి చూస్తే, ఇక్కడి పశువులకు పనికివచ్చే సాధనం ఇక్కడే పుడుతుంది.

చివరిగా ఖర్చు సంగతి. సిమెంటు నేల పరిచినది రైతే అయినా, పచ్చిక బయలును ప్లాట్లుగా, చెరువును ప్రహరీలుగా మార్చి అతనికి ఆ సిమెంటు తప్ప మరో దారి లేకుండా చేసినది నగరం. ఆ నగరం పాలు తాగుతున్నది, గుర్రమెక్కి ఊరేగుతున్నది. కనుక రబ్బరు చాప ధర, గిట్ట చెక్కేవారి కూలి, లాడం కొట్టేవారి శిక్షణ రైతు ఒక్కడి నెత్తిన వేయడం న్యాయం కాదు. పాల ధరలోనూ, మునిసిపల్ ప్రణాళికలోనూ, కంపెనీలు సామాజిక బాధ్యత కింద వెచ్చించే సొమ్ములోనూ వాటికి చోటుండాలి. సుబ్బారావు తన మందులకు పేటెంట్ గాని పేరు గాని కోరలేదు. ఆయన పేరిట కలుసుకున్న ఈ సభ ఆయనకు చెల్లించగల గౌరవం, ఈ కారిడార్‌లోని ప్రతి పశువుకూ కాలు మోపడానికి తగిన నేల ఏర్పాటు చేసే పనిని నేటి నుంచి చేపట్టడమే.